నడిచే మనిషికి పది గింజలు

పాచికలు వేయాలంటే చేతులు ఖాళీగా ఉండాలి. బీడీలు చుట్టేవాళ్ళ కాలనీ విడీ ఘర్కుల్‌లో పగటిపూట ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉన్నాయంటే ఆ ఇంట్లో జ్వరమన్నా వచ్చి ఉండాలి, చావన్నా అయి ఉండాలి. అందుకని తృప్తి తన ఆటలోంచి పాచికలు తీసేసి చింతగింజలు పెట్టింది.

ఆ ఆటను ఆమె దాజీ పేట్‌లో, కాలేజీ స్నేహితురాలు ఆరతి ఇంట్లో చూసింది. ఆరతి అన్న ఋషికేశ్ పుణె నుంచి దోస్తులను వెంటబెట్టుకొచ్చి, లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం ముందేసుకుని, అన్నం సంగతి కూడా మరిచిపోయి ఆడాడు. ఒకడు కథ చెప్తాడు, మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. ఒకడు మంత్రగాడు, ఒకడు విలుకాడు. అసలు ఆట కంటే ముందు ఆ మనుషులను తయారు చేసుకోవడానికే వాళ్ళకు ఒక పూట పట్టింది. బలానికి ఎంత, తెలివికి ఎంత, ధైర్యానికి ఎంత అని పంచుకుంటూ కూర్చున్నారు. తృప్తికి నచ్చింది అదే. మొదట్లో అందరికీ సమానంగా ఇస్తారట, ఎక్కడ ఎంత పెట్టుకోవాలో ఎవరిష్టం వాళ్ళదట. అలాంటి ఏర్పాటు ఆమె తన పంతొమ్మిదేళ్ళలో ఇంకెక్కడా చూడలేదు.

పుస్తకం కొనే స్తోమత లేదు గనుక దేశాన్ని తనే తయారు చేసుకుంది. ఏడు గుట్టల అవతల ఒక రాక్షసి నదికి అడ్డంగా పడుకుంది. నీళ్ళు ఆగిపోయాయి. ముగ్గురు ఆడవాళ్ళు కలిసి బయల్దేరి వెళ్ళి ఆమెను లేపాలి.

ఆడేవాళ్ళు కూడా ముగ్గురే. తృప్తి అమ్మ గోదావరి, ఎదురింటి కొత్త కోడలు లలిత, పక్కింటి చంద్రభాగ. రోజూ మధ్యాహ్నం తృప్తి వాళ్ళ వాకిట్లో, ఒళ్ళో చాటలు పెట్టుకుని, ఆకు చుడుతూ, తంబాకు ఘాటుకు తుమ్ముతూ కూర్చునేది ఆ ముగ్గురే మరి.

"మనిషికి పది గింజలు. బలానికి పెట్టుకుంటరో, తెలివికి పెట్టుకుంటరో మీ మర్జీ" అని తృప్తి డబ్బా తెరవబోతే గోదావరి అడ్డుపడింది.

"ఉత్తగనే ఇస్తవా? ఉత్తగ వచ్చిన దానికి ఇజ్జత్ ఏముంటదే? ఆట అని చెప్పి చేతులు ఆగినయనుకో, మాపటికి బ్రాంచ్‌ల బీడీలకు బదులు నీ రాక్షసిని అప్పజెప్త."

"మరి ఎట్లంటవ్?"

"అయిదు కట్టలు కడితే ఒక గింజ ఇయ్యి. పనికి పని, ఆటకి ఆట."

లలిత సై అంది. తృప్తికి కూడా ఆ మాట సబబుగానే తోచింది. పని ఆగదు, ఎవరూ తిట్టరు. పది గింజలు నిండితే మనిషి తయారైనట్టు, అప్పుడు గుట్ట కిందికి వచ్చి నిలబడవచ్చు. ఋషికేశ్ వాళ్ళు మొదట్లోనే సమానంగా పంచుకున్నారన్న సంగతి ఆ క్షణాన ఆమెకు గుర్తు రాలేదు. గుర్తొచ్చి ఉంటే బాగుండేది.

గోదావరి తన మనిషిని తేల్చడానికి ఒక బీడీ చుట్టినంత సేపు కూడా తీసుకోలేదు. పులి మీద తిరిగే ఆడ పహిల్వాన్. గింజలన్నీ బలానికే. "తెలివి నాకెందుకు, నువ్వున్నవ్ గద" అంది కూతురితో. లలితది విలుకత్తె, రాజు బిడ్డ, పెళ్ళి చేసుకోనని ఒట్టు పెట్టుకుని ఇంట్లోంచి వచ్చేసింది. ఈ మాట చెప్తున్నప్పుడు లలిత ఒకసారి తన ఇంటి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. అందరూ నవ్వారు.

చంద్రభాగ మాత్రం బీడీ తల మడుస్తూనే ఉంది. యాభై దాటి చాలా ఏళ్ళయింది ఆమెకు. బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంటుంది. బీడీ తల మడవాలంటే ఆ గోరే కావాలి. మడిచిన తల మళ్ళీ విచ్చుకుంటుంది, ఆమె మళ్ళీ మడుస్తుంది. పక్కన గోదావరి మూడు చుట్టేసరికి ఆమెకు ఒకటి అవుతుంది.

"అత్తా, నీ మనిషి ఎవరు?" అని తృప్తి రెండోసారి అడిగింది.

"నాది నడుస్తది" అంది చంద్రభాగ.

"నడుస్తదంటే?"

"నడుస్తది బిడ్డా, ఇంకేం చెయ్యది. కూసుండది. పొద్దున లేస్తె నడుసుడే. ఎండ గానీ, వాన గానీ. మోకాళ్ళు నొయ్యవ్ దానికి."

"నడిస్తె రాక్షసి లేస్తదా అత్తా?" అని లలిత పకపకా నవ్వింది.

"లేస్తదో లేదో. నేనైతె ఆడిదాకా చేరుత గద."

పేరేమిటని అడిగితే చెప్పలేదు. తొట్టెల్లో వేయకముందే బిడ్డకు పేరు పెడతారా ఎవరన్నా అని కసిరింది. పది గింజలూ నిండాలట, అప్పుడు చెప్తుందట. కసిరింది గానీ ఆమె ముఖం వెలిగిపోతూ ఉంది. ఇన్నేళ్ళుగా పక్కింట్లో ఉంటూ ఆ వెలుగు తృప్తి ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రానికి గింజలు దాచుకోవడానికి తలా ఒకటి పెట్టుకున్న స్టీలు మూతల్లో గోదావరివి, లలితవి గలగలలాడాయి. చంద్రభాగ మూతలో ఒకే ఒక్క గింజ ఉంది. ఆమె దాన్ని వేలితో ఇటు దొర్లించి, అటు దొర్లించి, చాట దులుపుకుని లేచి వెళ్ళింది.

మర్నాడు తృప్తి దొంగతనం మొదలుపెట్టింది. చంద్రభాగ అయిదో కట్టకు దారం బిగించి పక్కన పెట్టగానే, డబ్బాలోంచి రెండు గింజలు తీసి, ఒకదాని మీద ఒకటి అతికించి పట్టుకుని, ఒకటే చప్పుడయ్యేలా మూతలో వేసింది. ఎవరూ చూడలేదు. గోదావరి లలితకు పప్పులో ఉప్పు సంగతి చెప్తోంది. చంద్రభాగ తల వంచుకుని ఆకు కత్తిరిస్తోంది. ఆ మర్నాడు కూడా అలాగే వేసింది, ఆ తర్వాత భయం కూడా వేయలేదు. గోదావరి ఇటే చూస్తున్న ఒక్క రోజు మాత్రం ఒకటే వేసింది. చంద్రభాగ మూతలో ఎనిమిది గింజలయ్యాయి. గోదావరి, లలిత అప్పటికే పదీ నింపుకుని, ఇక కథ మొదలుపెట్టమని ప్రాణం తీస్తున్నారు.

"చంద్రత్త కూడా రావాలె గద. ముగ్గురు పోవాలె" అంది తృప్తి.

"వస్తది తీ, జరా ఆగుదాం" అంది గోదావరి. ఆమె ఎప్పుడోగానీ అలాంటి మాట అనదు.

తను చెప్పినట్టు జరిగే దేశం ఒకటి ఉండడం తృప్తికి బాగా నచ్చింది. రెండు గింజలు వేస్తే ఒక ముసలామె ముఖం వెలిగింది, ఎవరికీ ఏమీ పోలేదు. ఇంత సులువైన పనిని లోకంలో ఇంకెవరూ ఎందుకు చేయరో ఆమెకు అర్థం కాలేదు.

అదే సాయంత్రం బ్రాంచ్‌లో చంద్రభాగ బీడీలను సగానికి సగం పక్కకు పడేశారు.

చూసేవాడు మంగేశ్. చిన్న పీట మీద కూర్చుని, కట్టను చేతిలోకి తీసుకుని, బొటనవేలితో తలలను ఒకసారి నిమిరి, రెండు బీడీలు లాగి నొక్కి చూస్తాడు. అంతే, ఆ కట్ట కుడివైపుకో ఎడమవైపుకో పోతుంది. మంగేశ్ చెడ్డవాడు కాదు. కష్టమంతా అదే, తిట్టుకోవడానికి కూడా వీలుండదు.

"మావశీ, తలలు నిలుస్తలేవు. తంబాకు గూడ కమ్మి పడ్డది, బగ్, చూడు" అన్నాడు చంద్రభాగతో.

"గోరు చీలింది నాయనా. రేపు మంచిగ చేస్త."

"రోజు గదే అంటవ్. పైన సాహెబ్ చూస్తుండు. ఇంకొక్క సారి ఇట్లనే వచ్చిందంటె కార్డు బంద్ చెయ్యమన్నడు. నేనేం చెయ్యాలె చెప్పు?"

చంద్రభాగ పడేసిన కట్టలను కొంగులో వేసుకుంది. కార్డు ఉంటేనే బ్రాంచ్‌లో ఆకు ఇస్తారు, తంబాకు ఇస్తారు. ఆ కార్డు ఆమె అత్త నుంచి ఆమెకు వచ్చింది. అమ్మ బుట్ట పట్టుకుని తృప్తి ఆమె పక్కనే నడిచింది. ఇల్లు దగ్గర పడ్డాక, "కార్డు లేకపోతే నేను ఎవర్ని బిడ్డా? ఇంట్ల ఒక మూలకు కూసుండే ముసల్దాన్ని. ఇప్పుడైతె, చంద్రభాగ ఏడ ఉంది, బ్రాంచ్‌కి పోయింది అంటరు" అంది. తృప్తి ఆమె చేతిలోని బుట్ట కూడా అందుకుంది.

మర్నాడు చంద్రభాగ మోకాలు వాచింది. అయినా తెల్లవారుజాము నుంచి కూర్చుని చుట్టింది. మధ్యాహ్నం మూతలో ఇంకొక గింజ పడింది. తొమ్మిది. ఈసారి తృప్తి ఒక్కటే వేసింది. ఆఖరి గింజ ఆమెది ఆమే గెలుచుకోవాలనిపించింది. సాయంత్రం, "నా మాల్ గూడ నువ్వే తీస్కపోతవా బిడ్డా" అని చంద్రభాగ తన బుట్ట ఇచ్చింది. తృప్తి రెండు చేతుల్లో రెండు బుట్టలు పట్టుకుని బయల్దేరింది.

రోడ్డు మలుపులో పాత నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగింది. చంద్రభాగ కట్టలు విప్పి చూసింది. తలలు విచ్చుకునే ఉన్నాయి. మంగేశ్ మొదటి కట్టతోనే పట్టేస్తాడు. అమ్మ కట్టలేమో అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, వాటిలో సగం తృప్తి స్వయంగా చుట్టినవే. ఎవరూ ఈ పక్కకు రావడం లేదు. ఆమె గబగబా చంద్రభాగ బుట్టలోంచి పై వరుసలు తీసి అమ్మ బుట్ట అడుక్కు వేసింది, అమ్మ కట్టలు తెచ్చి ఈ బుట్టలో పైన పేర్చింది. గింజలు వేసినప్పటి ధీమానే ఆ చేతుల్లోనూ ఉంది.

మంగేశ్ చంద్రభాగ బుట్టలోంచి మొదటి కట్ట తీశాడు. తల నిమిరాడు. బాగుంది. ఒక బీడీ లాగి కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఇంకొకటి లాగాడు. తర్వాత తలెత్తి తృప్తిని చూశాడు.

"ఇది మీ అమ్మ చెయ్యి" అన్నాడు.

"కాదన్నా, చంద్రత్తదే."

"ఆకు ఎటు తిరిగిందో బగ్. ఉల్టా తిరిగింది. ఈ లైన్‌ల ఎడమచెయ్యి మీ అమ్మదొక్కటే. నువ్వు గూడ ఆమెను చూసి గట్లనే నేర్చినవ్."

అమ్మది ఎడమచేతి వాటమని తృప్తికి తెలియక కాదు. కానీ పుట్టినప్పటి నుంచి ఆకు అటే తిరగడం చూసింది, తన చేయి కూడా అటే తిప్పింది. బీడీ అంటే అలాగే ఉంటుందని అనుకుంది తప్ప, ఊరంతా ఇంకో వైపు చుడుతుందన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. పక్క బుట్టల్లోకి చూసింది. అన్నిట్లో ఆకు ఒక వైపు, తమవాటిలో మాత్రం ఇంకో వైపు.

"అన్నా, తప్పయింది. నేనే కలిపిన. ఆమెకు తెల్వది. ఆమె కార్డు ఏం చెయ్యకు."

మంగేశ్ చుట్టూ చూశాడు. వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళంతా వింటున్నారు. గుమ్మం దగ్గర మేనేజర్ సాహెబ్ ఫోన్ చెవికి ఆనించుకుని ఇటే చూస్తున్నాడు.

"మెల్లగ అడిగినా ఏదో చేస్తుంటి పోరీ" అన్నాడు మంగేశ్ నెమ్మదిగా. "ఇప్పుడు నాతోని ఏం కాదు. ఒకళ్ళ కార్డు మీద ఇంకొకళ్ళ మాల్ అంటె సాహెబ్ ఊకోడు."

సాహెబ్ ఊరుకోలేదు. గోదావరిది మంచి మాల్ గనుక ఆమెను హెచ్చరించి వదిలేశాడు. చంద్రభాగ కార్డు బంద్. తృప్తి ఏడ్చింది, చేతులు జోడించింది, తన తప్పని పదిసార్లు చెప్పింది. ఆయన వినలేదని కాదు, చాలా ఓపికగా విన్నాడు. విని, "పోయి నీ చదువు చూస్కో" అన్నాడు.

ఈ కబురు తృప్తే వెళ్ళి చెప్పవలసి వచ్చింది. చంద్రభాగ మోకాలికి గుడ్డ చుట్టుకుని, మర్నాటి కోసం తునికాకు తడిపి గోనెపట్టాలో మూట కడుతోంది. తృప్తి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. దాచలేదు. చెప్పి, కొడుతుందేమోనని కూడా చూసింది. కొట్టినా బాగుండేది.

చంద్రభాగ చేతులు మూట మీదే ఉన్నాయి.

"రేపటికి ఆకు తడిపిన గద" అంది చివరికి. "తడిసిన ఆకు వాళ్ళు వాపస్ తీస్కోరు."

మర్నాడు పొద్దున గోదావరి పని మానుకుని బ్రాంచ్‌కు వెళ్ళింది. ఆమె వేడుకుంది, దబాయించింది, మళ్ళీ వేడుకుంది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి కూతురి వంక చూడకుండా కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగింది. ఒక్క తిట్టు తిట్టలేదు. ఆ ఇంట్లో తిట్లు లేవంటే ఎంత కష్టం వచ్చిందో తృప్తికి తెలుసు. తర్వాత గోదావరి పక్కింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"వదినె, చాట తెచ్చుకో. మా కార్డు మీద చెయ్యి."

"మీ కార్డు మీద నా మాల్ నడుస్తదా గోదావరీ? పట్టుకుంటరు."

"ఉల్టా చుడితె ఎవడు పట్టుకుంటడు? నేర్పిస్త రా. తలలు తృప్తి మడుస్తది."

అట్లా ఆ మధ్యాహ్నం చంద్రభాగ గోదావరికి ఎదురుగా కూర్చుని బీడీ చుట్టడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంది. నలభై ఏళ్ళుగా ఒక వైపు తిరిగిన చేయి రెండో వైపు తిరగనంటుంది. ఆకు చిరుగుతుంది. తంబాకు ఒళ్ళో రాలుతుంది. ఆమె దాన్ని చిటికెలతో ఏరి మళ్ళీ పోస్తుంది. "ఇట్ల గాదు వదినె, ఇట్ల" అని గోదావరి ఆమె వేళ్ళను పట్టుకుని తిప్పుతుంది. చిన్నప్పుడు తనకూ ఇలాగే నేర్పింది అమ్మ. తృప్తి చూడలేక తల దించుకుని, వచ్చిన బీడీలకు తలలు మడుస్తూ కూర్చుంది. లలిత కూడా నవ్వడం లేదు.

పొద్దు వాలుతుండగా చంద్రభాగ అయిదో కట్టకు దారం బిగించింది. వంకరగానే ఉంది గానీ ఆకు సరైన వైపే, అంటే గోదావరి వైపే, తిరిగింది.

లలితే మొదట గమనించింది. "అత్తా, అయిదైనయ్! పది గింజలు నిండినయ్ నీకు. పేరు చెప్పాలె ఇగ!"

తృప్తి చటుక్కున డబ్బా మూత తీసింది. గుప్పిట్లో గింజ పట్టుకుని చంద్రభాగ మూత మీదికి చేయి చాపింది. ఈ ఒక్క పని అయినా తన చేతిలో ఉందనుకుంది. చంద్రభాగ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇవి మీ కార్డు కట్టలు బిడ్డా. గింజ మీ అమ్మది."

"నాకెందుకు వదినె, నాకు నిండి మూడు రోజులాయె. నువ్వు తీస్కో" అంది గోదావరి.

"కార్డు నీది అయినంక కట్ట నాదెట్లయితది? నువ్వే అన్నవ్ గద, ఉత్తగ వచ్చిన దానికి ఇజ్జత్ లేదని." ఆమె గొంతులో దెప్పడం లేదు. ఉన్నమాట చెప్తున్నట్టే చెప్పింది. ఆ అయిదు కట్టలనూ గోదావరి కుప్పలోకి జరిపింది. తర్వాత తన మూతలోని గింజలను అరచేతిలో పోసుకుని, వాటిలోంచి కొన్ని వేరు చేసి, తృప్తి ముందున్న డబ్బాలో ఒక్కొక్కటిగా వేసింది.

"ఇవి నువ్వు ఎక్కువ వేసినయ్."

తృప్తి డబ్బాలోకి చూసింది. "నువ్వు చూసినవా అత్తా?"

"మొదటి నాడే చూసిన. చూసి ఊకున్న." చంద్రభాగ చాట వైపు చూస్తూ మాట్లాడింది. "మస్త్ ఆశైంది నాకు. ఈ ముసల్ది గూడ నడుస్తదేమో అనుకున్న. ఆనాడే నీ చెయ్యి పట్టుకొని వద్దంటె, నువ్వు ఆడ గూడ గట్ల చేస్తుంటివా? నా ఆశ నా కార్డును తిన్నది బిడ్డా. నువ్వు ఏడ్వకు."

తప్పు నీది కాదు, నాది అని తృప్తి అరవాలనుకుంది. ఆ మాట నిన్న బ్రాంచ్‌లో ఎన్నిసార్లు అనలేదు! అంటే ఏమైంది గనుక? తను తయారు చేసిన దేశంలో, తను పెట్టిన లెక్కలో కూడా ఒక్క గింజను డబ్బాలోంచి ఆ మూతలోకి వేయలేకపోయింది. గోదావరి కొంగుతో ముక్కు తుడుచుకుంది. తంబాకు ఘాటు అనుకోవచ్చు.

ఎవరూ లేవలేదు. చుట్టాల్సిన ఆకు ఇంకా ఉంది. చంద్రభాగ మళ్ళీ ఒక ఆకు తీసుకుని, కుడికి తిప్పబోయి, ఆగి, ఎడమకు తిప్పుకుంది.

"ఇగ చెప్పు మరి కథ" అంది. "ఎన్ని రోజులు ఆపుతవ్ వాళ్ళను?"

"వద్దత్తా."

"చెప్పు బిడ్డా. ఊకె కూసుంటె చెయ్యి నడ్వది."

లలిత గోదావరి వైపు చూసింది. గోదావరి తల ఊపింది. తృప్తి డబ్బాకు మూత పెట్టి, గొంతు సవరించుకుంది.

"ఏడు గుట్టల కింద" అని మొదలుపెట్టింది, "ఇద్దరు ఆడోళ్ళు నిలబడ్డరు."

వాకిట్లో కత్తెరల చప్పుడు ఆగింది. కథ చెప్తున్నప్పుడు ఎవరో ఒకరు ఊ కొట్టాలి. గోదావరి కొంగుతో మళ్ళీ ముక్కు తుడుచుకుంది, లలిత తల ఎత్తలేదు.

"ఊఁ" అంది చంద్రభాగ.